కొల్లేటి కిక్కిస, జమ్ము: నేల వాలు, నీటి మట్టం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నీటి అంచున పెరిగే కిక్కిస, జమ్ము గడ్డి గురించి లంక గ్రామాలవాళ్లు, చెరువుల బాగుకోసం తిరిగేవాళ్లు, పక్షుల కోసం కెమెరా భుజాన వేసుకుని వచ్చేవాళ్లు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. "ఇంత గడ్డి ఎక్కడినుంచి వచ్చింది?" అని సగం మంది, "ఉన్న గడ్డి ఏమైపోయింది?" అని మిగతా సగం. రెండింటికీ జవాబు గడ్డిలో కంటే దాని కింది నేల వాలులోనూ, నీళ్లు ఏ నెలలో ఎక్కి ఏ నెలలో దిగుతున్నాయన్న లెక్కలోనూ ఎక్కువగా దొరుకుతుంది. ఉదాహరణలు ఎక్కువగా కొల్లేటివే. చెరువులవాళ్లకు పనికొచ్చేవి కూడా ఉన్నాయి. ఎక్కడినుంచైనా చదువుకోవచ్చు.

## నేల తీరు

కొల్లేట్లో కిలోమీటర్ల కొద్దీ కిక్కిస ఉంటుంది. మా ఊరి చెరువులో కట్ట వెంబడి సన్నటి అంచు మాత్రమే. ఎందుకని?

వాలు వల్ల. ఈ గడ్డి సుమారు ఒకటిన్నర మీటరు లోతు దాటి లోపలికి పోలేదనుకుందాం. చెరువు కట్ట లోపలి వాలు నిటారుగా, రెండు అడుగులు జరిగితే ఒక అడుగు దిగేలా ఉంటే, మూడు మీటర్ల దూరంలోనే ఆ లోతు వచ్చేస్తుంది. గడ్డికి దక్కేది ఆ మూడు మీటర్లే. అదే నూరు మీటర్లకు ఒక మీటరు దిగే వాలైతే 150 మీటర్ల పట్టీ దక్కుతుంది. వెయ్యి మీటర్లకు ఒక మీటరైతే కిలోమీటరున్నర. మొక్క అదే, బురదా అదే కావచ్చు. వెడల్పు తేల్చేది వాలు. మీ చెరువులోనే కట్టకు ఎదురుగా, నీళ్లు వచ్చే శిఖం వైపు వెళ్లి చూడండి. అక్కడ నేల మెల్లగా దిగుతుంది కాబట్టి గడ్డి చాలా దూరం పరుచుకుని ఉంటుంది.

కొల్లేరు అంత చదునుగా ఎలా ఉంది? దానికీ గడ్డికీ ఏం సంబంధం?

కృష్ణా, గోదావరి రెండూ చెరోవైపు ఒండ్రు పోసి డెల్టాలు కట్టుకుంటూ సముద్రంలోకి ముందుకు జరిగాయి. మధ్యలో పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వాటితోపాటు డెల్టా మురుగు కాలువలు ఇందులో కలుస్తాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతం చేరుతుంది.

ఇక్కడ లోతును అడుగుల కాంటూరుతో, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతతో చెప్పడం అలవాటు. సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు కాంటూరు దాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 10 అడుగుల కాంటూరు దాకా లెక్కేస్తే 901 చదరపు కిలోమీటర్లు. 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్సర్ జాబితాలోకి ఎక్కింది ఈ విస్తీర్ణమే. అంటే నీరు ఐదడుగులు లేస్తే సరస్సు దాదాపు మూడింతలవుతుంది. సగటున ఒక్కో అడుగుకు నూరు చదరపు కిలోమీటర్లకు పైగా నేల మునుగుతుంది, లేదా తేలుతుంది. ఇలాంటి చోట మట్టంలో జానెడు తేడా వచ్చినా గడ్డి పెరగగల నేల ఊళ్ల దూరం జరుగుతుంది. లోతైన సరస్సులో అదే జానెడు తేడాను ఎవరూ పట్టించుకోరు.

కిక్కిస, జమ్ము, రెల్లు: ఏది ఏదో ఎలా గుర్తుపట్టాలి?

కిక్కిసది వెదురులా కణుపులున్న గుల్ల కాడ. ఆకులు కాడ పొడవునా వస్తాయి. మనిషికి రెండింతలు పెరుగుతుంది, కొసన మెత్తటి కంకి. జమ్ముకు అలాంటి కాడ కనపడదు. పట్టీల్లాంటి పొడుగాటి ఆకులు మొదలు నుంచే లేస్తాయి, మధ్యలో గోధుమరంగు బొద్దు కంకి. రెల్లు వేరే సంగతి. శరదృతువులో తెల్లగా పూసి ఏటి ఇసుక తిన్నెల మీద, గట్ల మీద కనిపిస్తుంది. నిలవ నీటిలో దానికి చోటు లేదు. ఒడ్డున రెల్లు, తడిసి ఆరే అంచున తుంగ, ఇంకాస్త లోపల కిక్కిస, జమ్ము కనిపిస్తే ఆ వరస చూసే నేల ఎటు దిగుతోందో చెప్పేయొచ్చు.

ఏరు వచ్చి కలిసే చోటే గుబురుగా ఎందుకుంటుంది?

పారే నీళ్లు నిలవ నీటిలోకి రాగానే నెమ్మదిస్తాయి, మోసుకొచ్చిన ఒండ్రును అక్కడే వదిలేస్తాయి. అడుగు మెల్లగా పైకి లేస్తుంది, లోతు తగ్గుతుంది, పైగా కొత్త ఒండ్రులో సారం ఎక్కువ. గడ్డి పట్టాక దాని కాడలు వచ్చే ఒండ్రును ఇంకా ఆపుతాయి, రాలిన ఆకు కుళ్లి అడుగున పేరుకుంటుంది. అలా గడ్డి తన నేలను తానే ఎత్తు చేసుకుంటూ సరస్సు లోపలికి నడుస్తుంది. కొన్ని దశాబ్దాలకు వెనకభాగం వానాకాలంలో కూడా సరిగా మునగని మెట్ట అవుతుంది, అక్కడ తుమ్మ లాంటి చెట్లు మొదలవుతాయి. కొల్లేరు పూడిపోతోందని అందరూ అనే మాటలో ఏర్లు తెచ్చే మట్టి, పొలాల మట్టితోపాటు ఈ గడ్డి వాటా కూడా ఉంది.

గాలి తగిలే ఒడ్డున పెరగదంటారు. నిజమేనా?

చాలావరకు నిజం. గాలి ఎంత దూరం నీటి మీద అడ్డు లేకుండా పరుగెడితే అల అంత పెద్దది. అల పదే పదే కొట్టే ఒడ్డున సన్నటి బురద నిలవదు, ఇసుకో గట్టి నేలో మిగులుతుంది. లేత పిలకలు విరుగుతాయి. తేలుతూ వచ్చే గుర్రపుడెక్క దిబ్బలు కూడా అదే ఒడ్డుకు చేరి కాడల్ని తొక్కేస్తాయి. గాలికి వెనకవైపు, వంపులో, లంక చాటున నీరు కదలదు కాబట్టి అక్కడ పట్టు దొరుకుతుంది. ఒక్కసారి వెడల్పాటి పట్టీ ఏర్పడితే మాత్రం అలను ముందు వరస కాడలే చంపేస్తాయి, వెనక ఒడ్డు కోతపడదు. లంకల చుట్టూ కిక్కిసను పూర్తిగా కొట్టేయొద్దని పాతవాళ్లు అనేది ఇందుకే.

## నీటి మట్టం

ఎంత లోతు దాకా పెరుగుతాయి?

కిక్కిసకు నేల తడిగా ఉన్న చోటు నుంచి నడుము లోతు దాకా హాయి. ఛాతీ లోతు దాటితే పలచబడుతుంది. జమ్ము కూడా ఇంచుమించు అంతే. ఈ హద్దు వెనక ఉన్నది ఊపిరి సంగతి. బురదలో ప్రాణవాయువు ఉండదు. నీటిపైన ఉన్న ఆకు, కాడ గాలిని లోపలి గుల్ల గుండా దుంపకు పంపాలి. కిక్కిసలో నిరుడు ఎండిన కాడలు కూడా గాలి గొట్టాల్లా పనిచేస్తాయి. లోతు పెరిగేకొద్దీ కాడలో ఎక్కువ భాగం నీటిలోనే ఉండిపోతుంది, ఎండలో ఉండే ఆకు తగ్గుతుంది, దుంపలో దాచుకున్న పిండి అంతా పైకి లేవడానికే ఖర్చవుతుంది. ఒక హద్దు దాటాక ఆ బేరం గిట్టదు.

నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉంటే గడ్డికి మంచిదే కదా?

అందరూ ఇలాగే అనుకుంటారు. నిజానికి ఏడాది పొడవునా ఒకే మట్టం ఉండటం ఈ గడ్డికి మంచిది కాదు. మూడు కారణాలు.

మొదటిది మొలక. విత్తనం మొలవాలంటే నీళ్లు దిగి బురద బయటపడాలి. ఎప్పుడూ మునిగే ఉంటే కొత్త మొక్క రాదు. ఉన్న దుంపలే ముసలివవుతూ సాగాలి. రెండోది అడుగు బురద. రాలిన ఆకు నీటిలోనే కుళ్లితే దుంపలకు గిట్టని వాయువులు, ఆమ్లాలు పేరుకుంటాయి. వేసవిలో నేల ఒకసారి ఎండి బీటలు వారితే ఆ చెత్త గాలి తగిలి త్వరగా హరిస్తుంది, నేల గట్టిపడుతుంది, వేరుకు పట్టు వస్తుంది. మూడోది అల. మట్టం మారుతుంటే అల ఒకరోజు ఇక్కడ, ఒకరోజు అక్కడ కొడుతుంది. మారకపోతే ఏడాదంతా ఒకే గీత మీద కొట్టి అంచును కోసేస్తుంది.

దీనికి మన దేశంలో బాగా తెలిసిన ఉదాహరణ మణిపూర్‌లోని లోక్‌తక్ సరస్సు. అక్కడి ఫుమ్‌డీలు గడ్డి, వేళ్లు, కుళ్లిన ఆకు కలిసి తేలే దిబ్బలు. వాటిలో కిక్కిస కూడా ఉంటుంది. పూర్వం వేసవిలో నీరు తగ్గి దిబ్బలు అడుగుకు దిగేవి, వేళ్లు నేలలోని సారం పీల్చుకునేవి, వానలకు మళ్లీ తేలేవి. 1983లో ఇథాయ్ బ్యారేజీ వచ్చి నీటిని ఎత్తున నిలిపేశాక ఆ దిగడం కుదరలేదు. కెయ్‌బుల్ లంజావో జాతీయ ఉద్యానంలో దిబ్బలు పలచబడి, వాటి మీదే బతికే సంగాయ్ జింక బరువును మోయలేని స్థితికి వచ్చాయి. నీరు తగ్గలేదు. తగ్గకపోవడమే సమస్య అయింది.

వేసవిలో కొల్లేరు ఎండితే గడ్డి చచ్చిపోతుందా?

పైభాగం ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది, అంతే. ప్రాణం బురద లోపలి దుంపలో ఉంటుంది. నేల లోతున కాస్త తడి ఉన్నా చాలు, తొలకరికి పిలకలు లేస్తాయి. వరసగా చాలా ఏళ్లు వానాకాలంలో కూడా నీరెక్కకపోతే మాత్రం మెట్ట మొక్కలు వచ్చి చోటు ఆక్రమిస్తాయి. ఎండ కంటే ఆ పోటీకే కిక్కిస ఎక్కువ ఓడుతుంది.

వరదకు మునిగిన కిక్కిస బతుకుతుందా?

ఎన్నాళ్లు మునిగింది అన్నదానికంటే ఏ వయసులో మునిగింది అన్నది ముఖ్యం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచిన సంగతి అందరికీ తెలుసు. ఆ నీరంతా చివరికి చేరేది కొల్లేటికే. కానీ సెప్టెంబరు నాటికి కిక్కిస నిలువెత్తు దాటి ఉంటుంది, కొసలు నీటిపైన ఉంటాయి, ఊపిరి ఆడుతుంది. అదే వరద జూన్‌లో, పిలకలు జానెడున్నప్పుడు వచ్చి నిలిచిపోతే దెబ్బ గట్టిది. ఐరోపాలోని కాన్‌స్టన్స్ సరస్సులో 1999లో అదే జరిగింది. వాళ్ల వసంతం చివర, కొత్త పిలకలు లేచే సమయంలో అసాధారణమైన వరద వచ్చి గడ్డి పట్టీలో చాలా భాగాన్ని చంపేసింది. తిరిగి కోలుకోవడానికి ఏళ్లు పట్టింది.

ఉప్పునీరు ఎక్కితే ఏది ముందు పోతుంది?

జమ్ము ముందు దెబ్బతింటుంది, కిక్కిస ఇంకొంత ఓర్చుకుంటుంది. వేసవిలో కొల్లేటి మట్టం పడిపోయినప్పుడు పోటుకు సముద్రపు నీరు ఉప్పుటేరు గుండా వెనక్కి ఎక్కుతుంది. ఏటా కొన్నాళ్ల ఉప్పుదనాన్ని తొలకరి కడిగేస్తే పెద్ద నష్టం ఉండదు. పక్కనే ఒడిశాలో చిలికా సరస్సు చూడండి. సముద్రపు ముఖం మూసుకుపోతూ ఉప్పు తగ్గిన రోజుల్లో మంచినీటి కలుపు విపరీతంగా పెరిగింది. 2000 సెప్టెంబరులో కొత్త ముఖం తవ్వాక ఉప్పు పెరిగి కలుపు తగ్గింది. మహానది పాయలు కలిసే ఉత్తరభాగంలో మాత్రం ఉప్పు తక్కువ, ఒండ్రు ఎక్కువ కాబట్టి కిక్కిస అక్కడ ఇప్పటికీ బలంగానే ఉంది.

## మొలక, విస్తరణ

జమ్ము దూది ఊరంతా ఎగురుతుంది. అయినా అన్నిచోట్లా మొలవదేం?

ఒక్కో కంకిలో లక్షకు పైగా విత్తనాలు ఉండొచ్చు. విత్తనానికి కొదవలేదు, చోటుకే కొదవ. దానికి వెలుతురు తగిలే తడి బురద కావాలి. వేరే మొక్కల నీడ పడకూడదు. జమ్ము విత్తనం అంగుళం రెండంగుళాల నీటిలో కూడా మొలవగలదు. కిక్కిస మొలక ఇంకా సుకుమారం, మొదటి వారాల్లో మునిగితే పోతుంది. అందుకే కొత్తగా తవ్విన గుంట, తెగిన గట్టు, పూడిక తీసి వదిలేసిన అంచు లాంటి చోట్ల ముందు జమ్మే దిగుతుంది.

కొన్నేళ్లు కదలని కిక్కిస ఒక్క ఏడాదిలో ఎకరాలకు ఎకరాలు ముందుకు ఎలా దూకుతుంది?

దాదాపు ఎప్పుడూ ఒక కరువు ఏడాది తర్వాతే ఇది జరుగుతుంది. నీరు బాగా దిగిన వేసవిలో రెండు పనులు ఒకేసారి అవుతాయి. బయటపడ్డ అడుగులో విత్తనం మొలుస్తుంది. పాత గుబురు అంచునుంచి నేల మీద పాకే కాడలు మీటర్ల కొద్దీ లోపలికి పోతాయి, ప్రతి కణుపు దగ్గరా వేరు దిగుతుంది. తర్వాతి ఏడు నీరు నిదానంగా ఎక్కితే మొక్కలు దానితోపాటు పెరుగుతాయి. అప్పుడు నీటి మధ్యలో గడ్డి మొలిచినట్టు కనపడుతుంది. మొలిచింది నీటిలో కాదు. నిరుటి ఎండలో. ఒకసారి స్థిరపడిన దుంప తర్వాత చాలా ఏళ్లు లోతైన నీటిని కూడా భరిస్తుంది. అందువల్ల ఇప్పుడున్న అంచును ఇప్పటి మట్టంతో పోల్చితే లెక్క కుదరదు. ఎప్పుడో వచ్చిన కరువుతో పోల్చాలి.

నాటాలనుకుంటే ఎప్పుడు, ఎలా?

వేసవి చివర, నీటి అంచున తడి బురదలో. మొగ్గ ఉన్న దుంప ముక్కను ఏటవాలుగా పాతి, పాత కాడ కొస నీటిపైన ఉండేలా చూడాలి. వరద వచ్చేలోపు నెలన్నర రెండు నెలలు దొరికితే మొక్క నిలబడుతుంది. విత్తనంతో ప్రయత్నం శ్రమ దండగ. నిటారు గట్టు మీద నాటినా అంతే, ముందు గట్టును మెల్లటి వాలుగా చెక్కాలి.

## మనుషుల పనులు

చేపల చెరువుల వల్ల గడ్డి ఎందుకు పోయింది? గట్లు తెంచాక తిరిగి వచ్చిందా?

చేపల చెరువు అంటే మెల్లటి వాలును గళ్లుగా కోసి, ప్రతి గడికి నిటారు గట్టు కట్టి, లోపల ఒకే లోతు నీరు నిలపడం. గడ్డికి కావలసిన వాలూ, నీటి హెచ్చుతగ్గులూ రెండూ ఒక్క దెబ్బకు పోతాయి. మిగిలిన గడ్డి మురుగు కాలువల్లోకి, గట్ల మధ్య సందుల్లోకి నెట్టుకుపోతుంది. 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లను పెద్ద ఎత్తున తెంచారు. తెంచినంత మాత్రాన పాత వాలు రాదు. గట్టు మట్టి దిబ్బగా, తవ్విన చోటు గుంటగా మిగులుతుంది. దిబ్బల అంచుల్లో జమ్ము, కిక్కిస పడతాయి, గుంటల్లో గుర్రపుడెక్క. పాత కొల్లేటి తీరు కావాలంటే ఆ మట్టిని తిరిగి గుంటల్లోకి సర్దాలి. ఖర్చు అక్కడే.

హైదరాబాద్ చెరువుల్లో వానలు లేని ఏడు కూడా జమ్ము తగ్గదు. ఎలా?

మురుగునీరు. పాత చెరువు వానకు నిండి వేసవికి తగ్గేది, శిఖంలో పశువులు మేసేవి. ఇప్పుడు ఇళ్ల మురుగు పన్నెండు నెలలూ వస్తుంది, దానితో ఎరువూ వస్తుంది. శిఖం ఎప్పుడూ చీలమండ లోతు తడితో ఉంటుంది. జమ్ముకు అంతకంటే ఏం కావాలి? భవనాల మట్టి పోసి అంచును పూడ్చితే లోతు ఇంకా తగ్గి మరింత చోటు దొరుకుతుంది. మురుగు మళ్లించకుండా జమ్ము పీకడం ఏటా బిల్లు పెట్టుకోవడానికి పనికొస్తుందంతే.

పూడిక తీస్తే పోతుందా?

దుంపతో సహా తీసి, రెండు మీటర్ల పైచిలుకు లోతు చేస్తే అక్కడ పోతుంది. కానీ అంచులు కూడా నిటారుగా తవ్వితే బురదపిట్టలకు నిలబడే చోటుండదు, పశువు దిగితే ఎక్కలేదు, పిల్లలకు ప్రమాదం. మధ్యలో లోతు, శిఖం వైపు మెల్లటి వాలు ఉంచడం మేలు. తీసిన మట్టిని శిఖంలోనే కుప్ప పోయడం మాత్రం దారుణమైన అలవాటు. మొదటి వానకే వెనక్కి జారి కొత్త జమ్ముకు పాన్పు అవుతుంది.

కోయాలా, కాల్చాలా?

తగ్గించాలంటే కోయండి. అదీ నీరు ఎక్కబోయే ముందు, వీలైనంత కిందికి. మోళ్లు కొన్ని వారాలు నీటి కింద ఉండిపోతే దుంపకు గాలి అందక కుళ్లుతుంది. నీరు దిగుతున్నప్పుడు కోస్తే ఇంకా గుబురుగా లేస్తుంది. ఇంటి కప్పుకు, దడికి కావలసినవాళ్లు అప్పుడే కోసుకోవచ్చు. నిప్పు పెట్టడం వల్ల పైనున్న చెత్త పోతుంది, దుంప చావదు. బూడిద ఎరువై పిలకలు ఏపుగా వస్తాయి. గూళ్లు, తాబేళ్లు, పాములు మాత్రం కాలిపోతాయి.

గేదెల్ని రానివ్వకూడదా?

కొన్ని రావాలి. లేత పిలకల్ని మేసి, తొక్కి, మధ్యమధ్య నీటి మడుగులు తెరిచి ఉంచేవి అవే. రాజస్థాన్‌లోని కేవలాదేవ్ పక్షుల ఉద్యానంలో 1982లో మేతను పూర్తిగా ఆపేశాక ఒక జాతి నీటిగడ్డి అల్లుకుపోయి పక్షులకు తెరపి నీరు కరవైంది. మందలు ఎక్కువైతే అంచంతా బురద గుంటవుతుంది, అది వేరే తిప్పలు.

పక్షుల కోసమైతే మొత్తం గడ్డి ఉంచాలా?

పక్షిని బట్టి. నీలి నీటికోడి, జంబుకోళ్లు, గడ్డిలో దాగే చిన్న కొంగలకు గుబురు కావాలి. బాతులకు తెరపి నీరు, ఉల్లంకి పిట్టలకు బురద కావాలి. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో అందరూ చూడ్డానికి వచ్చే పెలికాన్లు గూడు పెట్టేది చెట్ల మీద, వాటికోసం నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద. వాటికి కిక్కిసతో పెద్దగా పనిలేదు. గడ్డి, నీరు చీలికలు పేలికలుగా కలిసి ఉన్న చోటే ఎక్కువ రకాలు కనపడతాయి.

ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు (నీటిని ఆపి వదిలే తలుపుల కట్టడాలు) కట్టి ఐదో కాంటూరు దాకా నీరు నిలిపితే గడ్డికి ఏమవుతుంది?

అది తలుపుల్ని ఎలా నడుపుతారన్న దాని మీద ఉంటుంది. వేసవిలో పోటు నీటిని ఆపడానికి, కొల్లేరు పూర్తిగా ఎండకుండా చూడటానికి వాడితే లాభమే. ఏడాదంతా ఒకే గీత దగ్గర నిలిపేస్తే ఐదో కాంటూరు చుట్టూ దట్టమైన జమ్ము పట్టీ ఒకటి తయారవుతుంది, లోపలి భాగంలో పాత కిక్కిస మెల్లగా పలచబడుతుంది, కొత్తది మొలవదు. నన్నడిగితే తలుపుల నిర్వహణ పట్టికలోనే నాలుగైదేళ్లకు ఒక వేసవి మట్టాన్ని కావాలని దించే నిబంధన ఉండాలి. వానలు మొదలయ్యాక నిదానంగా నింపాలి. చేపలు పట్టేవాళ్లకూ, దాళ్వా (రెండో పంట వరి) రైతులకూ ఆ ఏడు ముందే చెప్పాలి, లేదంటే అది కాగితం మీదే ఉండిపోతుంది.